ఉత్తరం కూకట్‌పల్లికి, బండి పానగల్‌కు

2021 సెప్టెంబరు. ముసురు పట్టింది. దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతీ సుజుకీ ఒక ప్రకటన చేసింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6. మొత్తం 1,81,754 పెట్రోలు కార్లు. మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపం ఉండొచ్చట. బండి తెస్తే ఉచితంగా మారుస్తారట. ఎప్పుడు? నవంబరు మొదటి వారం నుంచి. మరి అప్పటిదాకా? నీళ్లు నిలిచిన దారుల్లో నడపొద్దట. కరెంటు భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దట.

సెప్టెంబరులో! తెలంగాణలో! వాన పడితే నీళ్లు నిలవని రోడ్డు ఎక్కడుందో కూడా అదే ప్రకటనలో చెప్పి ఉంటే పుణ్యం దక్కేది. లేదంటే ఆ రెండు నెలలూ మబ్బుల్నే రీకాల్ చేయాల్సింది.

ఇందులో అసలు విషాదం ఏమిటో తెలుసా? మన దేశంలో ఇది మంచి మార్కులు పడే జవాబు. అవును, వెటకారం కాదు. లోపం ఉందని ఒప్పుకున్నారు. లెక్క చెప్పారు. జాగ్రత్త చెప్పారు. నోరే విప్పని వాళ్లతో పోలిస్తే దేవుళ్లు. 2023 జనవరిలో ఇదే కంపెనీ 17,362 కార్లను పిలిచింది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చేదాకా అసలు బండే తీయొద్దంది. సరే, తీయం. తెల్లారి డ్యూటీకి ఎట్ల పోవాలె? అవ్వను దవాఖానకు ఎట్ల తీసుకపోవాలె? బండి ఆగింది కదా అని బ్యాంకువాడు కిస్తీ ఆపుతాడా? ఆపడు. ఆగిన బండికీ కిస్తీ నడుస్తూనే ఉంటుంది.

కారు అమ్మిన రోజు కంపెనీ గుణం తెలియదు. ఆ రోజు అందరూ బంధువులే. కారుకు శాటిన్ గుడ్డ కప్పుతారు. కేకు కోయిస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. “మా కుటుంబంలోకి స్వాగతం” అంటారు. గుణం తెలిసేది రీకాల్ రోజున. తప్పు తనదని తేలినప్పుడు, ఖర్చు తన నెత్తిన పడినప్పుడు, ఆ కుటుంబ పెద్ద ఇంటికొస్తాడా, ఇల్లు మారిపోతాడా? కొనేవాడి విశ్వాసం గురించి కంపెనీలు కోట్లు పోసి సర్వేలు చేయించుకుంటాయి. కొన్నవాడి పట్ల తమ విశ్వాసం ఎంతో ఎవరైనా సర్వే చేశారా?

చేద్దాం. మొదట ఒక కారు జాతకం చూద్దాం. కూకట్‌పల్లిలో ఓ సాఫ్ట్‌వేర్ సారు కొన్నాడనుకోండి. ఐదారేళ్లు తిప్పుతాడు. కొత్త మోడల్ వస్తుంది. పాతది ఏజెంటు చేతిలో పెడతాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు గీకి, తేదీ ఖాళీగా వదిలేసి, చేతులు దులుపుకుంటాడు. ఏజెంటు దాన్ని ఎల్బీనగర్‌లో ఇంకొకడికి అమ్ముతాడు. వాడు చౌటుప్పల్, చిట్యాల దాటించి, నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిప్పి, నల్లగొండ చేరుస్తాడు. దారిలో చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడికి ఒక కొబ్బరికాయ. చివరికి పట్టణానికి ఆనుకుని ఉన్న పానగల్‌లో, ఉదయసముద్రం గాలి తగిలే ఇంటి ముందు ఆగుతుంది. మూడో చెయ్యో, నాలుగో చెయ్యో దేవుడికెరుక.

ఇప్పుడు కంపెనీకి లోపం తెలిసింది. ఉత్తరం రాసింది. ఎక్కడికి? కూకట్‌పల్లికి! ఎస్సెమ్మెస్ కొట్టింది. ఎవరికి? సాఫ్ట్‌వేర్ సారుకు! ఆ సారు ఎప్పుడో డాలస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఉత్తరం వాచ్‌మన్ గూట్లో పడింది. కంపెనీ రిజిస్టర్‌లో “సమాచారం ఇచ్చాం” అని ఒక గీత పడింది. పని అయిపోయింది. పానగల్‌లో నలుగురు పిల్లలతో ఆ కారు ఎన్‌హెచ్ 65 ఎక్కుతూనే ఉంది.

“కస్టమర్ వివరాలు మారితే మేమేం చేస్తాం సార్?” అంటారు. నిజమే పాపం. ఎంత నిస్సహాయులో! ఇన్సూరెన్స్ గడువు ముగిసే ముందు మాత్రం ఫోను ఎట్ల మోగుతుంది? మన పుట్టినరోజు, పెళ్లిరోజు గుర్తుంటాయి. మూడో చేతిలో ఉన్న బండికి కూడా ఎక్స్చేంజ్ మేళా సందేశం వచ్చి వాలుతుంది. అమ్మడానికి దొరికే మనిషి, కాపాడటానికి దొరకడా?

సర్కారు సంగతి ఇంకా గమ్మతు. సీటు బెల్టు పెట్టుకోలేదనుకోండి. కెమెరా క్లిక్కుమంటుంది. చలానా వస్తుంది. ఫొటోతో సహా వస్తుంది. ఆర్సీ మారకపోతే పాత యజమానికి పోతుంది. వాడు తిట్టుకుంటూ ఏజెంటుకు ఫోను చేస్తాడు, ఏజెంటు ఇంకొకడికి చేస్తాడు, చివరికి పానగల్ చేరుతుంది. చేరి తీరుతుంది. ఎందుకంటే అందులో పైసలున్నాయి. బాకీ ఎక్కువైతే సర్కారు మేళా పెట్టి మరీ రాయితీ ఇస్తుంది. 2023 డిసెంబరులో మన దగ్గర కార్ల చలానాల మీద 60 శాతం, టూవీలర్ల మీద 80 శాతం తగ్గించలేదా?

సరే. బెల్టు పెట్టుకోలేదని ఫొటో తీసే కెమెరాకు ఇంకో సంగతి తెలుసా? 2022 డిసెంబరులో 9,125 మారుతీ కార్లను వెనక్కి పిలిచింది ముందు సీటు బెల్టులోని ఒక భాగం కోసమే. భుజం దగ్గర బెల్టు ఎత్తు సరిచేసే భాగంలో లోపముంటే బెల్టు ఊడిపోయే ప్రమాదం ఉందన్నారు. అంటే బెల్టు పెట్టుకోని పౌరుడికి శిక్ష ఉంది. ఫొటో ఉంది. తేదీ, సమయం, స్థలం ఉన్నాయి. బెల్టు ఊడితే? దానికి ఒక పత్రికా ప్రకటన ఉంది. వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఛాసిస్ నంబర్ కొట్టి చూసుకోవాలట. ఎంఏ3, ఆ తర్వాత పద్నాలుగు అక్షరాలు, అంకెలు. మడ్డి తుడిచి, టార్చి కొట్టి, ఒక్కొక్కటీ చదివి, తప్పు లేకుండా కొట్టాలి. సర్కారు కంప్యూటర్‌లో ప్రతి ఛాసిస్ నంబర్ ఉంది. కంపెనీ కంప్యూటర్‌లో లోపమున్న ప్రతి ఛాసిస్ నంబర్ ఉంది. రెండు కంప్యూటర్లకూ పెళ్లి చేయడానికి ఏ ముహూర్తం కోసం చూస్తున్నారు?

జర్మనీలో కేంద్ర వాహన రిజిస్టర్ నడిపే సంస్థ ఇప్పటి యజమాని చిరునామాలు తీసి కంపెనీకి ఇస్తుంది. ప్రమాదకరమైన లోపాన్ని సరిచేయించుకోకపోతే బండి రోడ్డెక్కకుండా ఆపించగలదు. జపాన్‌లో 2018 నుంచి టకాటా అనే కంపెనీ చేసిన ప్రమాదకరమైన ఎయిర్‌బ్యాగులు మార్చని కార్లకు తనిఖీలో పాస్ ఇవ్వడం ఆపేశారు. మన దగ్గర? పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు అడగరు. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు అడగరు. ఆర్సీ మార్చేటప్పుడు అడగరు. ఆర్టీవో ఆఫీసు బయట గొడుగు కింద కూర్చున్న ఏజెంటు అన్నీ అడుగుతాడు, ఇదొక్కటి తప్ప.

ఇక చట్టం. అబ్బో, చట్టానికేం లోటు! 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ తెచ్చారు. లోపమున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం కేంద్రానిది. కంపెనీ ఆ బండ్లను బాగు చేయాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా మొత్తం సొమ్ము వాపసు ఇవ్వాలి. అదే చట్టంలో ఇంకో చోట వంద కోట్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. రీకాల్ జరిమానా ఎంత? పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా. కోటి! పెద్ద హీరో ప్రకటనలో ఒక్కసారి కారు డోరు తీసి వేసినందుకు అంతకంటే ఎక్కువే ఇస్తారేమో. కంపెనీ తనంతట తానే లోపం గమనించి చెప్పిందనుకోండి, ఆ జరిమానా కూడా ఉండదు. ఒప్పుకున్నవాడికి ఊరట ఇవ్వడం న్యాయమే. కానీ ఎప్పుడు గమనించారు? నిన్ననా? నాలుగేళ్ల కిందనా? మధ్యలో ఎంతమంది పోయారు? ఆ తేదీ అడిగేదెవరు?

ఫిర్యాదుల లెక్క చూడండి. ఏటా పది వేలకు పైగా అమ్ముడుపోయే కారు మోడల్ అయితే, వెయ్యికి పైగా ఫిర్యాదులు పడాలి. అప్పుడు ఫిర్యాదుల దారిలో సర్కారు కదులుతుంది. వేరే దారులూ చట్టంలో ఉన్నాయి, కాదనం. కానీ కొన్నవాడి చేతిలో ఉన్నది ఈ దారి ఒక్కటే. బ్రేకు పడక చెట్టుకు కొట్టుకున్నవాడు ఫిర్యాదు ఎక్కడి నుంచి పెట్టాలి? పైనుంచా? అక్కడ సిగ్నల్ వస్తుందా? ఓటీపీ ఎవరి ఫోనుకు పోతుంది?

అసలు అందం ఇంకా ఉంది. ఈ నిర్బంధ రీకాల్ వర్తించేది ఏడేళ్లు నిండని బండ్లకే. ఏడేళ్లు! నగరంలో కారు ముసలిదై ఊరి దారి పట్టేది ఎప్పుడు? సరిగ్గా ఆ ఈడులోనే. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లు చట్టం కాపలా కాస్తుంది. బండి పానగల్ పొలిమేర దాటేసరికి చట్టానికి చత్వారం వస్తుంది. కొత్త కారు కొనలేనివాడి ప్రాణానికి ఇంతకంటే నిక్కచ్చిగా ధర కట్టగలరా ఎవరైనా?

“పాత బండిలో లోపం పాతబడటమే కదా” అని ఓ మేధావి అంటాడు. అట్లనా? టకాటా కథ వినండి. జపాన్ కంపెనీ. ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీల్లో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు అమ్మింది. బ్యాగు ఉబ్బడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. అది ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోతుంది. చెడ్డాక గుద్దుకుంటే ఇనుప డబ్బా పగిలి ముక్కలు మొహంలోకి దూసుకొస్తాయి. కాపాడాల్సిన బ్యాగే బాంబు. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు. టకాటా నేరం ఒప్పుకుంది. 2017లో దివాలా తీసింది. గుర్తుపెట్టుకోండి, అక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైనవి పాత కార్లే. 2001 నుంచి 2003 మధ్య తయారైన కొన్ని హోండా కార్లలో ఇన్‌ఫ్లేటర్ పగిలే అవకాశం పరీక్షల్లో 50 శాతం దాకా ఉందని తేలింది. అమెరికా సర్కారు 2016లో “నడపకండి” అని మొత్తుకుంది.

మన దగ్గర? హోండా 2017 జనవరిలో 41,580 కార్లను టకాటా ఎయిర్‌బ్యాగుల కోసం పిలిచింది. 2012లో తయారైనవి. 2018 జనవరిలో ఇంకో 22,834 పిలిచింది. మంచిది. పిలిచినవాటిలో రాని బండ్లు ఎన్ని? రానివి ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి? ఏ ఎండలో కాగుతున్నాయి? నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింతేం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరే లోపానికి ఏడేళ్లకే రిటైర్‌మెంట్ ఇచ్చిన మహానుభావుడెవరో గాని, ఆయన కారు మాత్రం కొత్తదే అయి ఉంటుంది.

ఇట్లా కాకుండా చేయలేరా? చేయగలరు. చేసి చూపించారు కూడా. 1989. టయోటా అప్పుడే లెక్సస్ పేరుతో అమెరికాలో ఎల్‌ఎస్ 400 అనే ఖరీదైన కారు దింపింది. రెండు ఫిర్యాదులు వచ్చాయి. రెండు వేలు కాదు, రెండు వందలు కాదు. రెండు! అప్పటిదాకా అమ్మిన ఎనిమిది వేల కార్లనూ వెనక్కి పిలిచారు. మనుషులే ఇళ్లకు పోయి కార్లు తెచ్చి, బాగుచేసి, మళ్లీ ఇంటి ముందు పెట్టి వచ్చారు. మారుమూల ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం అక్కడే గ్యారేజీలు అద్దెకు తీసుకుని మెకానిక్‌లను విమానంలో పంపారు. ఇరవై రోజుల్లో పని ముగించారు. కొత్త బ్రాండ్, మొదటి అడుగులోనే తప్పు. మునగాల్సింది. తేలింది. తేలడమేంటి, ఆ తప్పు దిద్దుకున్న తీరే ఇవాళ్టికీ లెక్సస్‌కు పెద్ద ప్రకటన. ఒక్క పైసా ఇవ్వకుండా మనం కూడా ఇక్కడ రాస్తున్నామా లేదా?

అదే టయోటా ఇరవై ఏళ్లకు ఏం చేసింది? కార్లు వాటంతట అవే వేగం అందుకుంటున్నాయని జనం గగ్గోలు పెడితే నానబెట్టింది. కొనుగోలుదారులను తప్పుదారి పట్టించినందుకు 2014లో అమెరికా సర్కారుకు 120 కోట్ల డాలర్లు కట్టింది. కంపెనీ అధినేత అంతకు ముందే, 2010లో, అమెరికా చట్టసభ ముందు కూర్చుని క్షమాపణ చెప్పుకున్నాడు. 2014లోనే జనరల్ మోటార్స్ కథ బయటపడింది. బండి నడుస్తుండగానే ఇగ్నిషన్ స్విచ్ ఆగిపోతుంది, ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు. లోపం సంగతి కంపెనీ లోపల పదేళ్ల ముందు నుంచే తెలుసు. చెప్పింది 2014లో. చచ్చిపోయినవాళ్లు 124 మంది అని కంపెనీ పెట్టిన పరిహార నిధే తేల్చింది. బాగుచేసేదాకా ఏం చేయమన్నారు? తాళాల గుత్తిలోంచి మిగతా తాళాలు తీసేయమన్నారు. మనకు నీళ్లలో పోవద్దన్నారు, వాళ్లకు బీరువా తాళం పెట్టొద్దన్నారు. దేశాలు వేరు, దబాయింపు ఒక్కటే.

తేడా ఎక్కడుంది? అక్కడ దొరికితే కట్టాలి. ఫోక్స్‌వ్యాగన్‌నే తీసుకోండి. డీజిల్ పొగ పరీక్షలో మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టి 2015లో దొరికింది. అమెరికాలో కార్లు తిరిగి కొనడానికి, పరిహారానికి 1,470 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం. మన దగ్గర? 3.23 లక్షల కార్లకు రీకాల్, సాఫ్ట్‌వేర్ మార్పు. ఇక్కడి నిబంధనలేవీ మీరలేదని దబాయింపు. అక్కడివాడికి చెక్కు, ఇక్కడివాడికి అప్‌డేట్. అక్కడివాడు కస్టమర్. మనమేంది? గిరాకీ.

మన టవేరాను మరచిపోయారా? పెళ్లికి టవేరా, తిరుపతికి టవేరా, షేరింగుకు టవేరా. 2013 జులైలో జనరల్ మోటార్స్ 1.14 లక్షల టవేరాలను పిలిచింది. 2005 నుంచి 2013 దాకా తయారైనవి. పొగ పరీక్షలో నెగ్గడానికి కంపెనీ ఉద్యోగులే ఇంజన్లతో ఆటలాడారని కంపెనీయే చెప్పుకుంది. ఎనిమిదేళ్లు! నాలుగేళ్లు తిరిగేసరికి, 2017 చివరికల్లా, మన దేశంలో షెవర్లే అమ్మకమే ఆపేసింది. కంపెనీ మూట కట్టుకుని పోయింది. కిస్తీలు కట్టినవాడు ఎక్కడికి పోతాడు? అమ్ముదామంటే ధర లేదు, నడుపుదామంటే స్పేరు దొరకదు. విశ్వాసం చూపినవాడికి దక్కిన బహుమతి అది.

కార్లు వదిలేయండి, మన ఇంటి సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్. నిజామాబాద్. ఇంట్లో రాత్రి ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలింది. ఎనభై ఏళ్ల ముసలాయన చనిపోయాడు. బండి మన హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీది. ఒకట్రెండు రోజుల్లోనే ఆ కంపెనీ రెండు వేల స్కూటర్లను వెనక్కి పిలిచింది. అంతకు ముందు ఆ కంపెనీ బండ్లు తగలబడలేదా? తగలబడ్డాయి. చెన్నైలో రోడ్డు మీద తగలబడితే దేశమంతా వీడియో చూసింది. అప్పుడు రాని మెలకువ శవం లేచాక వచ్చింది. ఇంకా చూడండి. ఆ బండి అమ్మిన లెక్క, సర్వీసు చేసిన లెక్క తమ రికార్డుల్లో లేవని కంపెనీ చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదేమో చూస్తున్నామంది. అంటే? సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యాటరీకి పేలే హక్కు వస్తుందా? మూడు రోజులకే విజయవాడలో ముందురోజు కొన్న బూమ్ మోటార్స్ స్కూటర్ బ్యాటరీ పడకగదిలో పేలి ఇంకో మనిషి పోయాడు. అది ఫస్ట్ హ్యాండే కదా! దానికేమంటారు?

అప్పుడు కేంద్రమంత్రి గడ్కరీ గారు ట్వీట్ చేశారు. నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా వేస్తామన్నారు. రీకాల్‌కు ఆదేశిస్తామన్నారు. ఈలోగా కంపెనీలే ముందుకొచ్చి లోపమున్న బండ్లను పిలుచుకోవచ్చన్నారు. పిలుచుకోవచ్చు! చట్టం చేతిలో ఉన్నవాడు బతిమాలుతున్నాడు. బ్యాటరీ ప్రమాణాలు గట్టిచేస్తూ కొత్త నిబంధనలు ఆ డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. మంచిదే. మరి అంతకు ముందు అమ్మినవాటి గతి?

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూశారా? కందూరు చోళుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. బయట స్తంభాలు చాలా ఉన్నాయి. ఆ నీడ ఏ స్తంభానిదో చూసేవాడికి అంతుపట్టదు. రీకాల్ బాధ్యత అచ్చం అట్లాంటిదే. నీడ మన నెత్తిన రోజంతా ఉంటుంది. స్తంభం దొరకదు. కంపెనీని అడిగితే విడిభాగం సప్లయర్‌ది అంటుంది. సప్లయర్ డిజైన్ కంపెనీదంటాడు. డీలర్ “పైనుంచి పార్టు రాలేదు సార్” అంటాడు. ఆర్టీవో “మా పరిధి కాదు” అంటాడు. ఢిల్లీ “ఫిర్యాదులు రానీ” అంటుంది. చోళుల శిల్పి వెయ్యేళ్ల కింద రాయితో చేసిన మాయను వీళ్లు కాగితాలతో చేస్తున్నారు. శిల్పికి దండం పెట్టాలి. వీళ్లకు?

సరే, ఉత్తరం దొరికింది, కష్టపడి సర్వీస్ సెంటర్‌కు పోయారనుకోండి. ఏం జరుగుతుంది? రీకాల్ అనే మాట పలకరు. “చిన్న చెకప్ సార్” అంటారు. జాబ్ కార్డు రాస్తారు. మధ్యాహ్నం ఫోను. “సార్, వీల్ అలైన్‌మెంట్ చేద్దామా? ఏసీ ఫిల్టర్ మారుద్దామా? కింద తుప్పు కోటింగ్ వేద్దామా?” తప్పు వాళ్లది, బిల్లు మనది. లోపం సరిచేసుకోవడానికి పిలిచి కొత్త సరుకు అమ్మే నేర్పు షావుకార్లకే లేకపాయె! సాయంత్రం పార్టు రాలేదంటారు, మళ్లీ రమ్మంటారు. ఒక రోజు కూలీ పాయె. ఇంటికొచ్చేలోపు ఇంకో ఫోను. “సార్, కంపెనీ నుంచి కాల్ వస్తది. పదికి పది ఇయ్యండి సార్. తొమ్మిదిచ్చినా నా జీతం కట్ అయితది.” ఆ పిల్లగాడి మొహం చూసి పదిచ్చేస్తాం. ఢిల్లీలో, చెన్నైలో, టోక్యోలో గ్రాఫ్ పైకి లేస్తుంది. కస్టమర్ సంతృప్తి అమోఘం!

ఇంత జరిగినా మళ్లీ అదే కంపెనీ కారు కొంటున్నాం కదా? కొంటున్నాం. కంపెనీలు దీన్నే విశ్వాసం అంటున్నాయి. కాదు సార్, గతిలేనితనం. ఊళ్లో మెకానిక్‌కు ఆ ఇంజనే తెలుసు. ఆ స్పేరే నల్లగొండలో దొరుకుతుంది. రేపు అమ్మితే ఆ పేరుకే ధర వస్తుంది. వేరే కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే హైదరాబాద్ దాకా పోవాలి. ఇన్ని తాళ్లతో కట్టేసి, “చూడండి, మా కస్టమర్ ఎక్కడికీ పోలేదు” అని మురిసిపోతారా? తాళ్లు ఒక్కొక్కటే తెగుతాయి. టవేరా యజమానులను అడగండి, మళ్లీ షెవర్లే ఎవరు కొన్నారో.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఆర్సీ మార్చుకోం, ఐదొందలు మిగులుతాయని. అమ్మినవాడు ఉత్తరం చించేస్తాడు, “నా బండి కాదు కదా” అని. ఏజెంటు లోపం సంగతి తెలిసినా నోరు కుట్టుకుంటాడు. దిష్టి గుమ్మడికాయకు పెట్టిన శ్రద్ధ ఛాసిస్ నంబర్‌కు పెట్టం. ఇది కూడా నిజమే. అయితే మన సోమరితనం మీద బతికే వ్యాపారాన్ని వ్యాపారం అనరు, దోపిడీ అంటారు.

కావాల్సినవేం ఆకాశంలోని చుక్కలు కావు. ఆర్సీ పేరు మార్చేటప్పుడు, ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు, పొల్యూషన్ చూసేటప్పుడు ఆ బండికి రీకాల్ పెండింగులో ఉందో లేదో తెర మీద చూపించండి. చలానా పంపే దారిలోనే రీకాల్ కబురు పంపండి, తెలుగులో పంపండి. ఏడేళ్ల గీత చెరిపేయండి, ప్రాణానికి మోడల్ ఇయర్ ఉండదు. బండి ఆపి ఉంచమంటే ఇంకో బండి ఇవ్వండి, లేదంటే ఆ రోజుల కిస్తీ కంపెనీయే కట్టాలి. ప్రతి కంపెనీ ఎన్ని పిలిచింది, ఎన్ని బాగుచేసింది, ఎన్ని మిగిలాయి, ఏటా పేపర్లో వేయించండి. పూర్తి పేజీ ప్రకటనలకు డబ్బులున్నాయి కదా, పావు పేజీకి లేవా?

వీళ్లంతట వీళ్లు చేస్తారా? చేయరు. అందుకే ఒక పని మనమే చేద్దాం. పండగ ఆఫర్లు వస్తాయి. షోరూంలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లిస్తారు. పాత కారూ మాదే కదా అని “లాయల్టీ బోనస్” అని ఒక అంకె చెప్తారు. మన విశ్వాసానికి వాళ్లు కట్టిన వెల అది, అదీ ఇంకో కారు కొంటేనే! అప్పుడు ఆ సేల్స్ పిల్లగాడిని కాదు, లోపల అద్దాల గదిలో కూర్చున్న మేనేజర్‌ను పిలవండి. ఒక్కటే ప్రశ్న. “ఇప్పటిదాకా మీరు వెనక్కి పిలిచిన కార్లు ఎన్ని, బాగుచేసినవి ఎన్ని? రాసియ్యి.” తెలియదంటాడు. లేవండి. పక్క షోరూంకు పోండి. అక్కడా ఇదే అడగండి. ఆ పక్కదాంట్లోనూ అడగండి. ఒక్క దసరాకు జిల్లాలో ప్రతి గిరాకీ ఇట్లా అడిగి లేచిపోతే చాలు. ఏడేళ్లుగా దొరకని మన చిరునామా ఏడు రోజుల్లో దొరుకుతుంది.